భూమిని గొలుసుతో కొలిచినవాడు – కల్నల్ విలియం లాంబ్టన్

ఈమధ్య ఒకరోజు మన హాస్టల్లో ఓ కుర్రాడు రాత్రి భోజనానికి రాకుండా దిగాలుగా గదిలో కూర్చుండిపోయాడు. ఏమైందిరా అంటే ఇల్లు పోయిందన్నాడు. కంగారుపడి ఆరా తీస్తే, ఆ ఇల్లు కంప్యూటరు లోపలిదని తేలింది! మైన్‌క్రాఫ్ట్ అని ఒక ఆట ఉంది. అందులో ఎటు చూసినా అంతులేని నేల, కొండలు, అడవులు, సముద్రాలు. మనవాడు వారం రోజులు కష్టపడి ఇల్లు కట్టుకున్నాడు, గనులు తవ్వుకుందామని దూరం పోయాడు, తిరిగి వచ్చే దారి మరిచిపోయాడు. ఇంతలో సీనియర్ విద్యార్థి ఒకాయన వచ్చి కీబోర్డు మీద ఎఫ్ 3 నొక్కాడు. తెర మీద మూడంకెలు కనిపించాయి. తూర్పు పడమరలకు ఎక్స్, ఎత్తుకు వై, ఉత్తర దక్షిణాలకు జడ్. ఇల్లు కట్టిన రోజునే ఈ మూడంకెలూ కాగితం మీద రాసిపెట్టుకుని ఉంటే ప్రపంచంలో ఏ మూలనుంచైనా తిన్నగా ఇంటికి చేరేవాడివి కదా అని మందలించి వెళ్లిపోయాడు.

చూడబోతే ఇది చిన్న విషయమే. కాని ఆలోచించండి. ఆటలో ఒక్క మీట నొక్కితే వచ్చే ఆ అంకెలు మనం నిలబడ్డ ఈ నేలకు ఎవరు వేశారు? మన బెజవాడ సుమారు 16 డిగ్రీల 30 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద, 80 డిగ్రీల 38 నిమిషాల తూర్పు రేఖాంశం మీద ఉన్నదని ఇవాళ చేతిలోని ఫోను చెబుతుంది. ఈ లెక్కను మొట్టమొదట నేల మీద నడిచి, గొలుసు వేసి, కొండలెక్కి, కోణాలు కొలిచి రాబట్టిన వాళ్లున్నారు. ఆ పనికి ఆద్యుడు కల్నల్ విలియం లాంబ్టన్. ఎవరెస్టు పేరు తెలియని విద్యార్థి లేడు. ఆ ఎవరెస్టుకు గురుస్థానంలో ఉన్న లాంబ్టన్‌ను మాత్రం మనం దాదాపు మరిచిపోయాం. గోవా నుంచి మన మచిలీపట్నం దాకా ఆయన కొలత సాగింది కనుక, మన సంచికలో ఆయన కథ చెప్పుకోవడం సముచితమని నా ఉద్దేశం.

ఒంటికన్ను సిపాయి

లాంబ్టన్ 1750ల నడిమికాలంలో ఇంగ్లండులోని యార్క్‌షైరులో ఒక సామాన్య కుటుంబంలో పుట్టాడు. దగ్గరలోని నార్తలర్టన్ గ్రామర్ స్కూల్లో చదివాడు. లెక్కల్లో చురుకు. కాని పెద్ద చదువులకు స్తోమతు చాలక సైన్యంలో చేరాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం జరుగుతున్న రోజులవి. యుద్ధం ముగిశాక బ్రిటిషు వారికి మిగిలిన న్యూ బ్రన్స్‌విక్ ప్రాంతంలో సరిహద్దుల కొలత పనిలో ఉన్నాడు. తర్వాత అక్కడే బారక్ మాస్టరు ఉద్యోగం, అంటే సైనికుల వసతి చూసుకునే పని దొరికింది.

పని తక్కువ, తీరిక ఎక్కువ. మరొకడైతే ఆ పదమూడేళ్లూ పేకాటతోనో వేటతోనో గడిపేసి ఉండును. లాంబ్టన్ పుస్తకాలు తెప్పించుకుని గణితం, ఖగోళం, భూమి ఆకారాన్ని గురించిన శాస్త్రం తనంతట తాను చదువుకున్నాడు. అక్కడే సూర్యగ్రహణాన్ని సరైన రక్షణ లేకుండా చూసి ఒక కంటి చూపు పోగొట్టుకున్నాడని చెబుతారు. తక్కిన జీవితమంతా దుర్భిణిలో చూసే పనికే అంకితం చేసిన మనిషికి ఉన్నది ఒక్క కన్నే అంటే ఆశ్చర్యం కలుగుతుంది.

1790ల మధ్యలో ఆ ఉద్యోగమా, సైన్యమా ఏదో ఒకటి తేల్చుకొమ్మని పైనుంచి ఉత్తరువు వచ్చింది. లాంబ్టన్ తన 33వ రెజిమెంటుకు తిరిగివెళ్లాడు. దాని కమాండరు ఆర్థర్ వెలస్లీ. నెపోలియన్‌ను వాటర్లూలో ఓడించి డ్యూక్ ఆఫ్ వెలింగ్టన్‌గా పేరుపొందిన మనిషి ఆయనే. ఆ పటాలంతో పాటు లాంబ్టన్ మన దేశానికి వచ్చాడు. అప్పటికే నలభై దాటింది. చేతిలో పెద్ద హోదా లేదు, వెనక ఆస్తి లేదు. జీవితంలో అసలు పని ఇంకా మొదలే కాలేదు.

నక్షత్రం చెప్పిన దారి

1799లో టిపూ సుల్తాను మీదికి కంపెనీ సేనలు శ్రీరంగపట్టణం చేరాయి. ఏప్రిల్ నెలలో ఒక చీకటి రాత్రి జనరల్ బేయర్డ్ తన దళంతో ఒక తోపును గాలించి వెనక్కు మళ్లాడు. శిబిరానికి పోవాలంటే ఉత్తరంగా నడవాలి. దళంలో ఉన్న లాంబ్టన్ తల ఎత్తి ఆకాశం చూశాడు. సప్తర్షి మండలం ముందుండవలసింది వెనక ఉంది! అంటే దళం దక్షిణంగా, తిన్నగా శత్రువు నోట్లోకి నడుస్తున్నది. పోయి జనరల్‌కు విన్నవించాడు. జనరల్ మొదట పెడచెవిన పెట్టాడు. తర్వాత అనుమానం వచ్చి దీపం వెలిగించి దిక్సూచి చూసుకుంటే, నక్షత్రాల మాటే నిజమని తేలింది. వందలమంది ప్రాణాలు దక్కాయి.

చీకట్లో ఎక్కడున్నామో తెలియకపోతే ఏమౌతుందో ఆ రాత్రి అందరికీ తెలిసివచ్చింది. ఆటలో దారి తప్పితే ఇల్లు పోతుంది. నేల మీద దారి తప్పితే ప్రాణం పోతుంది.

టిపూ మరణించాక ఈ తీరం నుంచి ఆ తీరం దాకా దక్షిణాపథం కంపెనీ చేతికి చిక్కింది. లాంబ్టన్ అదే ఏడు ఒక ప్రణాళిక తయారుచేశాడు. మద్రాసు నుంచి పడమటి తీరం దాకా త్రిభుజాల వల పరిచి, ప్రతి ముఖ్య స్థలానికీ కచ్చితమైన అక్షాంశ రేఖాంశాలు నిర్ణయించాలి. దాంతోపాటు భూమి అసలు ఆకారం ఎటువంటిదో, ధ్రువాల దగ్గర ఎంత నొక్కుకుపోయిందో తేల్చాలి. వెలస్లీ సిఫారసు చేశాడు, మద్రాసు గవర్నరు లార్డ్ క్లైవ్ ఒప్పుకున్నాడు.

ఒక్కమాట ఇక్కడే చెప్పుకోవాలి. ఇది పరోపకారం కోసం పెట్టిన ఖర్చు కాదు. నేల లెక్క తెలిస్తే శిస్తు లెక్క తెలుస్తుంది, సేనలు నడిపే దారి తెలుస్తుంది. కంపెనీ ఆశ అదే. కాని లాంబ్టన్ మనసు మాత్రం మొదటినుంచీ భూగోళం మీదే ఉంది. దొర పుచ్చుకున్నది కంపెనీ జీతం, చేసింది శాస్త్రం పని. ఈ రెండూ కలిసి ఉన్న సంగతి మరవకుండా ఆయన్ని చూడాలి.

బోయీలకు తెలియని దారా?

పని మొదలుకాకుండానే అడ్డంకులు వచ్చాయి. ఖర్చు చూసే సభలో ఒక పెద్దమనిషి లేచి, శ్రీరంగపట్టణం పోదలచినవాడు పల్లకీ బోయీలలో పెద్దవాడికి ఒక్కమాట చెబితే చాలుననీ, లాంబ్టన్ పటం అక్కర లేకుండానే వాళ్లు అక్కడ దించుతారనీ వాదించాడట! వినడానికి నవ్వొస్తుంది గాని, ఆ మాటలో సగం నిజం ఉంది. మన పెద్దలు ఫలానా చెరువు దాటి, రావిచెట్టు దగ్గర ఎడమచేతికి తిరిగి, కాలవ గట్టున పొమ్మని దారి చెప్పేవారు. దారి నడిచేవాడికి అది చాలు. కాని రెండూళ్ల మధ్య పక్షి ఎగిరే దూరమెంత, ఏ ఊరు ఎంత తూర్పున ఉంది, ఒక సీమ వైశాల్యమెంత అంటే రావిచెట్టు చెప్పలేదు. మన సిద్ధాంతులు ఉజ్జయిని రేఖను ఆధారం చేసుకుని దేశాంతరం లెక్క కట్టి పంచాంగాలు రాశారు. ఇంగ్లీషువారు వేసిన పటాలు కూడా అప్పటికే ఉన్నాయి. అయితే ఆ పటాల్లో తప్పులు మైళ్లలో ఉండేవి.

పనిముట్లు వచ్చిన కథ వేరే ఉంది. లండన్‌లో రామ్స్‌డెన్ చేసిన వందడుగుల ఉక్కు గొలుసును మెకార్ట్‌నీ రాయబారం చైనా చక్రవర్తికి కానుకగా పట్టుకుపోయింది. ఆయన పుచ్చుకోలేదు. అది కలకత్తాకు తిరిగివచ్చి లాంబ్టన్ చేతికి చేరింది. నలభై లంకెలు, ఒక్కొక్కటి రెండున్నర అడుగులు. కోణాలు కొలిచే పెద్ద థియోడలైటును లండన్‌లో కేరీ తయారుచేశాడు. బరువు అర టన్ను. అది వస్తున్న ఓడను ఫ్రెంచివారు పట్టుకుని మారిషస్ తీసుకుపోయారు. పెట్టె విప్పి చూసి, శాస్త్రానికి సంబంధించిన వస్తువని తెలుసుకుని, అక్కడి ఫ్రెంచి గవర్నరు మర్యాదగా మద్రాసు పంపించాడు. యుద్ధంలో ఉన్న రెండు దేశాల మధ్య జరిగిన ముచ్చట ఇది!

1802 ఏప్రిల్ 10న మద్రాసు పరంగిమల దగ్గర మొదటి ఆధార రేఖ కొలత మొదలై మే 22న ముగిసింది. పొడవు సుమారు ఏడున్నర మైళ్లు. నడివేసవి. గొలుసును నేల మీద పరవకుండా చెక్కపెట్టెల్లో పెట్టి, ముక్కాలి స్టాండ్ల మీద నిలిపి, ఎండకు ఇనుము సాగుతుంది కనుక పైన డేరా నీడ కల్పించి, థర్మామీటర్లతో వేడి చూసుకుంటూ లెక్క సరిచేశారు. ఇలా నాలుగువందల సార్లు గొలుసు మార్చి మార్చి వేశారు. ఇప్పుడు మన పొలాల దగ్గర సర్వేయరు చైను లాగితే ఒక పూటలో పని తేలిపోతుంది. అక్కడ ఏడున్నర మైళ్లకు ఆరు వారాలు పట్టింది. ఎందుకంటే తర్వాత దేశం మీద పరిచే వేలాది త్రిభుజాలకు ఈ ఒక్క గీతే పునాది. పునాదిలో అంగుళం తప్పితే పై అంతస్తులో గజం తప్పుతుంది.

త్రిభుజం మహిమ

ఈ పద్ధతి మన హైస్కూలు లెక్కే. త్రిభుజంలో ఒక భుజం, దాని రెండు చివర్ల కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలూ కాగితం మీదే వస్తాయి. ఆ భుజం మీద ఇంకొక త్రిభుజం, దాని మీద మరొకటి. గొలుసు వేసేది ఒక్కచోటే. తర్వాతంతా కొండ నుంచి కొండకు చూపు సారించి కోణం కొలవడమే. ఎక్కడో ఒకచోట మళ్లీ గొలుసు వేసి, లెక్కలో వచ్చిన పొడవూ నేల మీది పొడవూ సరిపోయాయో లేదో చూసుకుంటారు.

కొలిచిన త్రిభుజాల వల ఒక్కటే ఉంటే చాలదు. అది భూగోళం మీద ఎక్కడ కూర్చుంటుందో చెప్పాలి కదా. అక్షాంశాన్ని నక్షత్రాలు చెబుతాయి. మనవాళ్లెవరైనా స్వయంగా చూసుకోవచ్చు. ధ్రువనక్షత్రం క్షితిజం నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తున కనిపిస్తే మన అక్షాంశం సుమారుగా అంత. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు పది డిగ్రీల చిల్లర లేదు కనుక, ఉత్తరాన కొండ అడ్డంలేని ఏ దివిసీమ పల్లెలోనైనా ధ్రువుడు పిడికిలిన్నర ఎత్తున కనిపిస్తాడు. లాంబ్టన్ ఇదే పని పెద్ద జెనిత్ సెక్టరు పెట్టి, నడినెత్తిన పోయే నక్షత్రాలను రాత్రుల తరబడి చూసి, సెకండ్ల దాకా లెక్క కట్టాడు. అక్షాంశంలో ఒక్క సెకండంటే నేల మీద సుమారు 31 మీటర్లు. రేఖాంశాలకు మద్రాసు నక్షత్రశాలను ఆధారం చేసుకున్నాడు. ఆటలో సున్నా ఎక్కడుందో ఆట రాసినవాడు నిర్ణయిస్తాడు. నేల మీద మద్రాసు నుంచి ఎంత తూర్పు, ఎంత పడమర అని లెక్క పెట్టారు.

అంకెలు దొరికాక వాడకం సులువే. మచిలీపట్నం సుమారు 16 డిగ్రీల 10 నిమిషాలు, 81 డిగ్రీల 8 నిమిషాల దగ్గర ఉంది. బెజవాడతో తేడా దక్షిణానికి 20 నిమిషాలు, అంటే 37 కిలోమీటర్లు. తూర్పుకు 30 నిమిషాలు, మన అక్షాంశం దగ్గర అది 53 కిలోమీటర్లు. పైథాగరస్ సూత్రం వేస్తే తిన్నని దూరం సుమారు 65 కిలోమీటర్లు వస్తుంది. బస్సు పోయే దారి మరి కాస్త ఎక్కువ. ఆట ఆడే కుర్రాళ్లు రెండు చోట్ల అంకెలు తీసేసి దూరం కట్టేదీ ఇలాగే. అంతెందుకు, మన గడియారాలకు ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల రేఖ కాకినాడ దాపున పోతుంది. దానికి మనం రెండు డిగ్రీల చిల్లర తక్కువ పడమరన ఉన్నాం. అందువల్ల గడియారంతో పోలిస్తే బెజవాడలో సూర్యుడు ఏడెనిమిది నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికి వస్తాడు.

నలభై మైళ్లు మాయం

మద్రాసు నుంచి మంగుళూరు దాకా వల పూర్తయ్యేసరికి ఒక వింత బయటపడింది. అప్పటి పటాల్లో తీరం నుంచి తీరానికి 400 మైళ్లున్నది, కొలిచి చూస్తే 360 దరిదాపుల్లో తేలింది. నలభై మైళ్ల వెడల్పు దేశం కాగితం మీద తప్ప నేల మీద లేనేలేదు! బోయీల మాట ఎత్తిన పెద్దమనిషి ఆ తర్వాత ఏమనుకున్నాడో గాని, లాంబ్టన్ కొలతల మీద పైవారికి గురి కుదిరింది.

1808లో పని తంజావూరు మాగాణుల్లోకి వచ్చింది. డెల్టాలో పుట్టినవాళ్లకు ఆ చిక్కు వేరే చెప్పనక్కరలేదు. కొండలుండవు, కొబ్బరి తోటలు చూపుకు అడ్డం. చదును నేల మీద నిలబడ్డ మనిషి చూపు అయిదు కిలోమీటర్ల దగ్గర భూమి వంపుకు ఆగిపోతుంది. అంచేత గుళ్ల గోపురాలే కొండలయ్యాయి. తంజావూరు పెద్ద గుడి మీదికి అర టన్ను థియోడలైటును తాళ్లతో లాగుతుంటే తాడు తెగింది. పరికరం గోడకు కొట్టుకుని గుండ్రని చక్రం వంకర పోయింది. కొత్తది ఇంగ్లండు నుంచి రావాలంటే ఏళ్లు పడుతుంది. లాంబ్టన్ డేరాలో తలుపులు బిగించుకుని, దాన్ని ముక్కముక్కగా విప్పి, చెక్క సుత్తులతో మెల్లమెల్లగా తట్టి, ఆరు వారాల్లో చక్రాన్ని మళ్లీ గుండ్రం చేశాడు. ఆ పనిముట్టుతోనే తర్వాత కూడా ఏళ్ల తరబడి కొలిచాడు. ప్రాక్టికల్స్‌లో ఒక స్క్రూ ఊడితే లాబ్ అటెండరును కేకవేసే మనం ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి.

1811లో మన అనంతపురం సీమలోని గుత్తి దగ్గర మరొక ఆధార రేఖ కొలిచాడు. 1815 నాటికి బీదరు దాకా చేరాడు. పడమట గోవా, తూర్పున మచిలీపట్నం, దక్షిణాన కన్యాకుమారి, వీటి నడుమ దేశమంతా త్రిభుజాలతో నిండింది. అప్పటికి కృష్ణా జిల్లా అన్న పేరు పుట్టలేదు, ఆనకట్ట లేదు, కాలవలు లేవు. 1852–55 మధ్య కాటన్ ఆలోచన మీద కెప్టెన్ ఆర్ బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టేనాటికి నలభై ఏళ్ల ముందే ఈ నేల చిరునామా కాగితం మీద పడింది.

ఈ పనిలో లాంబ్టన్ ఒంటరి కాడు. మద్రాసు నక్షత్రశాల దగ్గర 1794లో పెట్టిన సర్వే పాఠశాలలో చదివిన అనాథ బాలురు ఆయన సహాయకులయ్యారు. గిండీ ఇంజనీరింగు కళాశాలకు మూలం ఆ బడే. జెండా పట్టినవాళ్లు, గొలుసు మోసినవాళ్లు, అడవి నరికినవాళ్లు, పెట్టెలు ఎత్తినవాళ్లు మనవాళ్లే. కొండమీద జెండా, దుర్భిణి చూసి పల్లెల్లో అనుమానాలు రేగేవి. ఆ దుర్భిణిలో మనుషులు తలకిందులుగా కనిపిస్తారు కనుక ఆడవాళ్లను అలా చూస్తున్నారని గొడవలు జరిగేవి. వాళ్లను సముదాయించే పనీ ఈ ఖలాసీలదే. దాదాపు అదే కాలంలో మన సీమల్లో వేరే సర్వేలు నడిపిన కాలిన్ మెకంజీకి కావలి సోదరులు తోడుండబట్టి వాళ్ల పేర్లు చరిత్రలో నిలిచాయి. లాంబ్టన్ ఖలాసీల పేర్లు మనకు మిగల్లేదు.

రెండు నదుల నడుమ

1818 జనవరి 1 నుంచి ఈ సర్వే మద్రాసు ప్రభుత్వం చేతినుంచి గవర్నర్ జనరల్ చేతికి మారి మహా త్రికోణమితి సర్వే అని పేరుపొందింది. ఆ ఏడాది చివర జార్జి ఎవరెస్టు అనే యువకుడు హైదరాబాదులో లాంబ్టన్‌కు ముఖ్య సహాయకుడుగా వచ్చాడు. ముసలాయన మామూలుగా నెమ్మదస్తుడు, మాట తక్కువ, నడక మెల్లన. థియోడలైటు సవరించే వేళకు మాత్రం పడుచువాడై పోయేవాడట.

1819లో ఎవరెస్టుకు కృష్ణా గోదావరుల నడుమ ప్రాంతం అప్పగించారు. కొలతకు వానాకాలాన్ని ఎంచుకున్నారు. ఎందుకంటే వేసవిలో దుమ్ము, ఎండమావులు చూపును చెడగొడతాయి. వాన వెలిశాక గాలి కడిగినట్టుండి అరవై మైళ్ల అవతలి కొండ కూడా కనిపిస్తుంది. కాని చూపుకు మంచికాలమే ఒంటికి చెడ్డకాలం. మొదట వెంట వచ్చిన నైజాం సిబ్బంది తిరగబడ్డారు. ఎవరెస్టు కొరడా దెబ్బలతో అణచాడు. తర్వాత అడవిలో జ్వరం అణచింది అందరినీ. ఎవరెస్టుతో సహా సుమారు నూటయాభై మంది మంచాన పడ్డారు. హైదరాబాదు నుంచి పల్లకీలు, ఏనుగులు పంపి వెనక్కు మోయించారు. దారిలో పదిహేనుమంది దాకా మరణించారు. మరుసటి ఏడు మరల అదే సీమకు పోయిన ఎవరెస్టు మళ్లీ జ్వరపడి, 1820లో ఆరోగ్యం కోసం ఆఫ్రికా దక్షిణపు కొసకు వెళ్లవలసి వచ్చింది.

ఎవరెస్టు పేరు ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరానికి దక్కింది. ఆ పదిహేనుమందికి కనీసం ఒక సర్వే రాయి మీదైనా పేరు లేదు. మన నదుల నడుమ నేలకు అంకెలు ఊరకే రాలేదని చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

హింగన్‌ఘాట్

కన్యాకుమారి దాపు నుంచి బీదరు దాపు దాకా, 8 డిగ్రీల 9 నిమిషాల నుంచి 18 డిగ్రీల 3 నిమిషాల వరకు కొలిచిన చాపం వివరాలను లాంబ్టన్ 1818లో లండన్ రాయల్ సొసైటీకి సమర్పించాడు. అంతకు ముందు ఏడే సొసైటీ ఆయన్ని ఫెలోగా ఎన్నుకుంది. భూమధ్యరేఖకు దగ్గరగా అంత పొడవైన కొలత అప్పటికి ఎవరూ చేయలేదు. భూమి బంతిలా గుండ్రంగా లేదనీ, నడుము కంటే ధ్రువాల వైపు సుమారు మూడువందలవ వంతు నొక్కుకుని ఉందనీ తేల్చడానికి ఇటువంటి కొలతలే ఆధారం.

డెబ్బయ్యో పడి దగ్గర పడినా పని మానలేదు. దగ్గు, క్షయ పట్టుకున్నాయి. కొత్త విడిది నాగపూరుకు మారుద్దామని హైదరాబాదు నుంచి పరివారంతో బయలుదేరాడు. దారిలో హింగన్‌ఘాట్ అనే ఊళ్లో 1823 జనవరిలో కన్నుమూశాడు. అక్కడే సమాధి చేశారు. ఇరవయ్యేళ్లలో లక్షా అరవై వేల చదరపు మైళ్లకు పైగా నేలను వలలో చేర్చిన మనిషి, మజిలీకి మజిలీకి మధ్య, దారి పక్కన పోయాడు.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. ఎవరెస్టు ఆ చాపాన్ని 1841 నాటికి హిమాలయాల పాదాల దాకా తీసుకుపోయాడు. మొత్తం సుమారు 2,400 కిలోమీటర్లు. ఆయన తర్వాత ఆండ్రూ వా కాలంలో బెంగాలీ గణకుడు రాధానాథ్ సిక్దార్ లెక్కలతో పదిహేనో శిఖరం అన్నిటికంటే ఎత్తని తేలింది. 1856లో దాని ఎత్తు 29,002 అడుగులని ప్రకటించారు.

ఒకే ఊరికి రెండు చిరునామాలు

ఇంతకూ ఇదంతా పాతకథేనా అంటే, కాదు. లాంబ్టన్ మొదలుపెట్టిన కొలతల ఆధారంగా ఎవరెస్టు 1830లో భూమికి ఒక నమూనా ఆకారం కట్టాడు. మన దేశపు సర్వే పటాలు నూటయాభై ఏళ్లకు పైగా ఆ ఆకారం మీదే గీశారు. ఫోన్లలో ఉపగ్రహాలు చూపే స్థానం డబ్ల్యు.జి.యస్. 84 అనే మరొక ఆకారం మీద ఆధారపడింది. రెండింటి కేంద్రాలు వేరు, కొలతలు వేరు. అందువల్ల పాత టోపోషీటులో ఉన్న అంకెలు తీసి యథాతథంగా ఫోనులో కొడితే మన ప్రాంతంలో గురి ఒకటి రెండు వందల మీటర్లు తప్పుతుంది. ఊరి గుడి చెరువులో పడుతుంది, ఒకరి చేను మరొకరి గట్టు దాటుతుంది. 2005 జాతీయ పటాల విధానంతో సాధారణ ప్రజలకు ఇచ్చే పటాలు కొత్త ఆకారంలోకి మారాయి. 2020 డిసెంబరులో మన జగ్గయ్యపేట పక్కన తక్కెళ్లపాడులో డ్రోన్లు, ఉపగ్రహ పరికరాలతో భూముల రీసర్వేకు శ్రీకారం చుట్టారు.

ప్రాజెక్టు పనికి, పొలం పనికి అంకెలు రాసుకునే విద్యార్థులకు నా మనవి ఒక్కటే. అంకెతో పాటు అది ఏ ఆకారం మీదిదో, ఏ పటం నుంచి తీసిందో కూడా పక్కనే రాయండి. డిగ్రీలు, నిమిషాలు, సెకండ్ల రూపంలో ఉన్నదాన్ని దశాంశాలుగా పొరబడకండి. 16 డిగ్రీల 30 నిమిషాలంటే పదహారున్నరే గాని 16.30 కాదు. ఆ ఒక్క పొరపాటుకు 22 కిలోమీటర్ల తేడా వస్తుంది. డెల్టాలో సెంటు భూమి కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు. అక్కడ గొలుసు పట్టేవాడి నిజాయితీ ఒక కుటుంబం అన్నం.

చివరగా ఒక్క మాట. మనలో చాలామంది ఇంటర్వ్యూలకో, విహారయాత్రకో బెజవాడలో రైలెక్కి కాజీపేట, బల్లార్షాల మీదుగా ఢిల్లీ వెళుతుంటాం. బల్లార్షా దాటి, సేవాగ్రాం రాకముందు హింగన్‌ఘాట్ అనే స్టేషను వస్తుంది. అన్ని స్టేషన్లలాగే పసుపు బోర్డు, దాని మీద సముద్రమట్టం నుంచి ఎత్తు. ఈసారి అటు పోయినప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి ఒకసారి బయటికి చూడండి. మనం ఎక్కడున్నామో మనకు చెప్పినవాడు అక్కడ ఉన్నాడు. ఆయనతో గొలుసు మోసినవాళ్లు మన నేలలోనే, ఏ అంకె లేని చోట్ల ఉన్నారు.